ఎడమ అరచేతిలో రీడింగు

చిట్యాల, షాద్‌నగర్, జడ్చర్ల చూసి రావడానికి ఎవరూ సెలవు పెట్టరు. నేను నల్లగొండలో డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటూ రిటైరయ్యాను. చిట్యాల మీదుగా హైదరాబాదుకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు గాని, అక్కడ బస్సు దిగింది మాత్రం మొన్నటి భాద్రపదంలోనే. కెమిస్ట్రీ చదివిన ఒక అమ్మాయికి ఉద్యోగం వెతుకుతూ ముగ్గురం మూడు రోజులు తిరిగాం. ఆ దారిలో గుడి గాని కోట గాని ఏదీ చూడలేదు.

ఆ అమ్మాయి పేరు సైదమ్మ. హాలియా దగ్గరి పల్లె. తండ్రి లింగయ్యకు గొర్రెల మంద ఉంది. నా భార్య వసుంధర మా కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పేది. సైదమ్మది ఆమె చెప్పిన చివరి బ్యాచి. డిగ్రీ కాగానే కంపెనీలకు తానే తీసుకుపోతానని వసుంధర మాటిచ్చింది. తరువాత జబ్బు పడింది. పోయిన మాఘంలో చనిపోయింది.

ఆమె ఫోనుకు నేను ఇంకా చార్జింగు పెడుతూనే ఉన్నాను. ఒకరోజు అది మోగింది.

"మేడం ఎత్తుతరని కాదు సార్," అంది సైదమ్మ. "మీ నంబర్ నా దగ్గర లేదు, అందుకే గీ నంబర్‌కు చేసిన."

హాలియాలో ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణంలో పని చేస్తున్నానని చెప్పింది. రెండు మందుల కంపెనీలు కొత్తవాళ్లను తీసుకుంటున్నాయట. పాసై రెండేళ్లు దాటనివాళ్లే రావాలని షరతు. "వచ్చే నెలకు నాకు రెండేండ్లు నిండుతయ్ సార్. గిది దాటితే నన్నెవలు పిలవరు. గీ దుకాణంలనే డబ్బాలు సర్దుకుంట కూసోవాలె."

హాలియా

లింగయ్య ముందే షరతు పెట్టాడు. తన ఇంట్లో తిన్న తరువాతే ప్రయాణమని. అందుకని నేను తెల్లవారి బస్సుకు నల్లగొండ నుంచి హాలియా పోయి, అదే దారిన మళ్లీ వెనక్కి వచ్చాను. దాని గురించి నాకు బాధ లేదు. సాగర్ కాలువ కింద వరి పొట్టకొచ్చి ఉంది. ఇంట్లో వేడి అన్నంలో పచ్చిపులుసు పోసి పెట్టారు. దారికి సర్వపిండి మూటగట్టారు. ఏడు నెలలుగా నేను వండుకుంటున్నది తిన్నవాణ్ని, రెండోసారి అన్నం అడిగి వేయించుకున్నాను.

సైదమ్మ సర్టిఫికెట్లు పురుగుమందు కంపెనీ బొమ్మ ఉన్న సంచిలో పెట్టుకుంది. లింగయ్య భుజాన గొంగడి వేసుకుని తయారయ్యాడు.

"నువ్వెందుకు బాపూ? సార్ ఉన్నడు గద."

"సార్ సదువు చూస్తడు. నేను జాగ చూస్త. బిడ్డను పంపే జాగ నా కండ్లతోని చూడొద్దా?"

మందను బావమరిదికి అప్పగించాడు. మూడు రోజులు మందను విడిచి ఉండడం తనకు ఇదే మొదటిసారి అన్నాడు.

బస్సులో కండక్టరు మా ఇద్దరికీ డబ్బులు తీసుకుని, సైదమ్మ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ ఇచ్చాడు.

"సదువుకున్నదానికి ఉత్తగ, గొర్లు కాసెటోనికి పైసలా?" అన్నాడు లింగయ్య.

"సదువుకు గాదు పెద్దాయనా, ఆడోళ్లకు."

"మరి నా మందల ఆడియే ఎక్కువున్నయ్. ఎక్కించుకుంటవా?"

"ఆధార్ కార్డులు తే, ఎక్కించుకుంట," అన్నాడు కండక్టరు. ముందు సీట్లలో ఆడవాళ్లు నవ్వారు. సైదమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి ఏవో సమీకరణాలు వల్లెవేసుకుంటోంది.

చిట్యాల

నల్లగొండలో మారిన బస్సులో నా పక్కన ఒక యువకుడు నిద్రపోతున్నాడు. పేరు సతీశ్. నార్కట్‌పల్లి దగ్గర మెలకువ వచ్చింది. అతని బట్టల నుంచి ఒక వాసన వస్తోంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణానికి దగ్గరగా ఉండే వాసన. ప్రాక్టికల్స్ జరిగే రోజుల్లో వసుంధర చీరకు ఉండేది. అడిగితే తానూ కెమిస్ట్రీ బీఎస్సీయేనని, చిట్యాల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా చేస్తున్నానని చెప్పాడు.

"ఏ డిపార్ట్‌మెంట్‌కు పోతున్నవు చెల్లె?" అని సైదమ్మను అడిగాడు.

"క్యూసీ అన్నా."

"మంచిది. ప్రొడక్షన్ల చెమట, క్యూసీల చూపు, క్యూఏల నోరు. గంతే తేడా." మాకు అర్థమయ్యేటట్టు విడమరిచి చెప్పాడు. ప్రొడక్షన్ అంటే పెద్ద పెద్ద పాత్రల్లో మందు తయారు చేయడం, రాత్రి పగలు షిఫ్టులు. క్యూసీ అంటే తయారైన దాన్ని ల్యాబులో పరీక్ష చేయడం. క్యూఏ అంటే ఆ ఇద్దరూ రాసిన కాగితాల్లో తప్పులు పట్టడం. "మా మీద కోపమొస్తే క్యూఏ వాళ్లు కాగితం వాపస్ పంపుతరు. మేం మల్ల రాత్రంత కూసోవాలె."

"మందుల కంపెనీ గాక ఇంకేం లేవా?" అన్నాను నేను.

"ఎందుకు లేవు సార్? సిమెంటు ఫ్యాక్టరీల ల్యాబుంటది. రంగుల కంపెనీలున్నయ్. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులున్నయ్. బీఎడ్ చేస్తే బడిల చెప్పొచ్చు. మనోళ్లకు గోలీ కంపెనీ తప్ప కండ్లకు ఏం కనబడది."

నీళ్ల ల్యాబు మాట నిజమే. నల్లగొండ వాళ్లం కెమిస్ట్రీ పుస్తకం తెరవకముందే ఫ్లోరైడు అనే మాట నేర్చుకుంటాం. కాని ఆ ల్యాబుల్లో ఖాళీలు ఎప్పుడు పడతాయో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

మేం పోయిన కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను లింగయ్య గొంగడిని పట్టి పట్టి చూసి, అది లోపలికి పోరాదన్నాడు. "అది గాదు, నేను గూడ పోను. బిడ్డ పోతది," అన్నాడు లింగయ్య. ఇద్దరం ఎదురుగా చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. చాయ్ పదిహేను రూపాయలు. హాలియాలో పది. "రోడ్డు పెద్దగైతే చాయ్ చిన్నగైతది," అని లింగయ్య గ్లాసు ఎత్తి చూశాడు.

మధ్యాహ్నం దాటాక సైదమ్మ బయటికి వచ్చింది. ఎడమ చేయి పిడికిలి బిగించి ఉంది.

రాతపరీక్ష బాగానే రాసిందట. తరువాత టైట్రేషన్ చేయమన్నారు. అంటే పొడుగాటి గాజు గొట్టం నుంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ, కింద ఫ్లాస్కులో రంగు మారగానే ఆపి, గొట్టం మీది అంకె చూసి రాసుకోవాలి. దాన్నే రీడింగు అంటారు. కాలేజీలో ఆమె వందసార్లు చేసిన పని.

"రీడింగులన్నీ సరిగ్గనే వచ్చినయ్ సార్. నీట్‌గ షీట్ మీద ఎక్కించి ఇచ్చిన. పెద్దసారు షీట్ చూసి బాగుంది అన్నడు. మల్ల, ఏదీ నీ చెయ్యి చూపించు అన్నడు."

పిడికిలి విప్పింది. అరచేతిలో నీలం పెన్నుతో మూడు అంకెలున్నాయి.

"మొదటిసారి యాడ రాస్తే గదే అసలు రికార్డు అన్నడు. దాన్ని ఫైల్ల పెట్టాలెనట. 'ఫైల్ల పెట్టనీకి చెయ్యి కోసిస్తవా?' అన్నడు సార్. అందరు నవ్విన్రు."

"గింత దానికే పొమ్మన్నరా?" అన్నాడు లింగయ్య.

"మందుల కంపెనీల గిది పెద్ద తప్పట బాపూ. చేతిల రాసి షీట్ మీద ఎక్కించేటప్పుడు అంకె మార్చలేదని ఎవలకు తెలుసు అన్నడు." ఆమె నా వైపు చూసింది. "మేడం గట్లనే నేర్పింది గద సార్."

వసుంధర ఎడమ అరచేయి నాకు గుర్తొచ్చింది. కాలేజీ నుంచి వచ్చేసరికి దాని మీద నీలం అంకెలు ఉండేవి. ఎంత కడిగినా రాత్రి అన్నం వడ్డించేటప్పటికి కొంచెం మిగిలేవి. నీది చెయ్యా, రికార్డు బుక్కా అని నేను ఎగతాళి చేసేవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా ఆమె పిల్లలకు నేర్పింది ఒక తప్పా అని ఆ చాయ్ బండి దగ్గర నాకు సందేహం వచ్చింది. అడగడానికి ఆమె లేదు.

షాద్‌నగర్

హైదరాబాదులో రెండు బస్సులు మారాం. ఒకదానిలో నా గొడుగు పోయింది. సాయంత్రానికి షాద్‌నగర్ చేరాం. అక్కడ అనసూయమ్మ నడిపే ఆడపిల్లల హాస్టల్లో సైదమ్మ క్లాస్‌మేట్ ఒకామె ఉంటుంది. ఆ రాత్రికి సైదమ్మకు అక్కడ, మా ఇద్దరికీ స్టేషను దగ్గరి లాడ్జిలో చోటు.

హాస్టల్ గుమ్మం ముందు సున్నంతో ఒక గీత గీసి ఉంది. "మగోళ్లు గీ గీత దాటొద్దు. సార్లయినా, బాపులయినా," అంది అనసూయమ్మ. మాకు గీత ఇవతల బల్ల వేసింది. తను గీత మీదే కుర్చీ వేసుకుంది. బాలానగర్ సీతాఫలాలు అప్పుడే రావడం మొదలైంది. ఒక పళ్లెం నిండా తెచ్చి పెట్టింది. మా వైపు గుట్టల్లో కూడా సీతాఫలాలు కాస్తాయి గాని ఇంత గుజ్జు ఉండదు. ఈ మాట నల్లగొండలో అననులెండి.

"నా హాస్టల్ల మస్తుమంది కెమిస్ట్రీ పిల్లలే," అంది. "గోలీ కంపెనీ పిల్లలను చూస్తేనే ఎరుకైతది. గోర్లు పెంచరు, గాజులేసుకోరు. బతుకమ్మకు గూడ చేతులకు మైదాకు పెట్టుకోరు. ఒకామె మూడేండ్లు చేసి, పైసలు జమ చేసుకొని ఎమ్మెస్సీ చదివింది. ఇప్పుడు కాలేజీల పాఠాలు చెప్తాంది. ఇంకొకామె పదిహేను దినాలకే ఏడ్చుకుంట ఇంటికి పోయింది. అందరికి పడది."

"ఎందుకు పోయింది?" అన్నాడు లింగయ్య.

"నిలబడి నిలబడి కాళ్లు గుంజినయంట."

"మా బిడ్డకు నిలబడుడు అలవాటే. మంద ఎనక పెరిగింది."

సైదమ్మ గుమ్మంలో కూర్చుని అరచేతిని సబ్బుతో రుద్దుతోంది. మరక పూర్తిగా పోవడం లేదు. అది చూస్తుంటే వసుంధర ఎప్పుడో చెప్పిన మాట ఒకటి నాకు గుర్తొచ్చింది. పొద్దటి నుంచి గుర్తు రానందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"మేడం మొదట్లో చేతి మీద రాయించలేదు సైదమ్మా," అన్నాను. "నోటుబుక్కులోనే రాయించేది. పిల్లలు పెన్సిల్‌తో రాసి, మూడు రీడింగులూ ఒకటి కాకపోతే చెరిపి ఒకటి చేసేవాళ్లు. మార్కుల కోసం. అది ఆమెకు నచ్చలేదు. పెన్నుతో చేతి మీద రాస్తే చెరపడం కుదరదని, గాజు గొట్టం దగ్గర్నుంచి కదలకముందే మీ అందరి చేతులూ చూసేది కదా."

"అవు సార్. చెయ్యి చూపించినంకనే బుక్కుల రాయనిచ్చేది. బుక్కుల తప్పు పడితే దిద్దొద్దు, ఒక్క గీత కొట్టి సంతకం పెట్టుమనేది."

"చెయ్యి ముఖ్యం కాదు. చూసింది చూసినప్పుడే రాయాలి, రాసింది మార్చకూడదు. ఆమె నేర్పింది అది. కంపెనీ అడిగేదీ అదే."

సైదమ్మ రుద్దడం ఆపింది. లింగయ్య సీతాఫలం గింజలు ఒక్కొక్కటే గీత ఇవతల ఉమ్ముతూ విన్నాడు.

"గిందుల సమజు గానిదేమున్నది?" అన్నాడు. "గొర్లను దొడ్డి గడప కాడ లెక్కవెడ్తం. ఒక్కొక్కటి లోపటికి పోతుంటే ఆడికాడనే. ఇంటికొచ్చి, తిని, సోంచాయించి చెప్పే లెక్క లెక్కనా? ఒకటి తక్కువొస్తే తక్కువొచ్చిందనే చెప్పాలె. నా మందల నలభై ఉన్నయని నలభై అంటే, అడవిల తప్పిన గొర్రె తిరిగొస్తదా?"

అనసూయమ్మ నవ్వింది. "నిన్ను క్యూఏల పెట్టుకోవాలె పెద్దాయనా."

జడ్చర్ల

రెండో రోజు పొద్దున్నే జడ్చర్ల దగ్గరి రెండో కంపెనీకి పోయాం. ఇక్కడ గేటు దగ్గరే గాజులు, కమ్మలు, గడియారం తీసేయమన్నారు. సైదమ్మ గాజులను లింగయ్య తువ్వాల కొసన ముడి వేసుకున్నాడు. ఆ ముడిని గంటకోసారి తడిమి చూసుకున్నాడు.

గేటు ఎదుట రోడ్డు దాటితే బీడు. అక్కడ ఒకాయన గొర్రెలు మేపుతున్నాడు. లింగయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఆ గొర్రెల కాపరి పేరు బీరయ్య. పోయిన ఎండాకాలం తన మందను తోలుకుని మా సాగర్ కాలువ కిందికే వచ్చాడట. కోతలైన మళ్లల్లో రాత్రిపూట మంద పెడితే పొలానికి ఎరువు, మందకు మేత. పాలమూరు వాళ్లకు ఇది తాతల నాటి అలవాటు. ఎవరి పొలంలో పెట్టాడో, ఆ రైతు వడ్లు తక్కువ కొలిచాడో ఎక్కువ కొలిచాడో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బీరయ్య తన మూటలోని జొన్నరొట్టె, పుండికూర మాకు పంచాడు. మేం మిగిలిన సర్వపిండి ఇచ్చాం. కాలువ కింది వాళ్లం మేం రెండు పూటలా వరి అన్నం తినే అలవాటుకు వచ్చాం. ఆ రొట్టె నమలడానికి నా పళ్లు కొంత కష్టపడ్డాయి గాని, పుండికూర పులుపుతో బాగుంది.

"బిడ్డ ఏం సదివింది?" అన్నాడు బీరయ్య.

"కెమిస్ట్రీ."

"అంటే?"

లింగయ్య కాసేపు ఆలోచించాడు. "నీళ్లల్ల నీళ్లు పోస్తే రంగు ఎప్పుడు మారుతదో చూసుడు."

"గదానికి జీతమిస్తరా?"

"గందుకే గద ఈడ కూసున్న."

మూడు గంటల దాకా కబురు లేదు. ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. సైదమ్మ రావడం లేదు. లింగయ్య మాటలు తగ్గాయి. బీరయ్య మందను మలుపుకుని వెళ్లిపోయాడు. ఇక్కడా కాదంటే నెల దాటుతుంది, రెండేళ్లూ దాటుతాయి. ఇద్దరికీ తెలిసిన సంగతే గనక పైకి అనుకోలేదు.

నాలుగవుతుండగా వచ్చింది. నడుస్తోందా ఉరుకుతోందా తెలియని నడక. చేతిలో కాగితం.

"వచ్చిందా?" అన్నాడు లింగయ్య.

"వచ్చింది బాపూ."

"ఏం వచ్చింది, సక్కగ చెప్పు."

"నౌకరి బాపూ. క్యూసీల ట్రైనీ."

లింగయ్య తువ్వాల ముడి విప్పబోయాడు. గంటకోసారి తడిమిన ముడి బిగుసుకుపోయి రాలేదు. సైదమ్మే విప్పుకుని గాజులు వేసుకుంది. తరువాత జరిగింది చెప్పింది.

ల్యాబు చూసుకునే మేడం మొదటే సైదమ్మ చేతిమీది మరక చూసి ఏమిటని అడిగిందట. దాచిపెడదామని ఒక్క క్షణం అనుకుంది. తరువాత చిట్యాలలో జరిగినదంతా చెప్పేసింది.

"ఎందుకు చెప్పినవే?" అన్నాడు లింగయ్య భయంగా, అయిపోయిన దానికి కూడా.

"తక్కువొస్తే తక్కువొచ్చిందనే చెప్పాలె అన్నవు గద నువ్వే." సైదమ్మ నవ్వింది. "ఆ మేడం గూడ నవ్వింది బాపూ. డిగ్రీల నేను గూడ చేతి మీదనే రాసుకునేదాన్ని అన్నది. సరే, ఈడ ఎట్ల రాస్తవో చూస్త అన్నది."

మొదటి రెండు రీడింగులూ ఒకటే వచ్చాయి. మూడోది ఎక్కువ వచ్చింది. ఒక చుక్క దాటిపోయిందని ఆమెకు తెలుసు. షీటు మీద ఎక్కువ వచ్చిన అంకే వేసి, పక్కన చుక్క దాటిందని రాసి, నాలుగోసారి చేసింది. ఒక చోట తొందరలో అంకె తప్పు రాస్తే, దిద్దకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేసింది. ఆమెతో పాటు చేసిన ఆరుగురిలో నలుగురు మూడుసార్లూ ఒకే అంకె వేశారట. గొట్టాల మీది అసలు అంకెలు మేడం వెనకనుంచి చూస్తూనే ఉందట, ఆ నలుగురినీ పంపించేశారు.

"గీ గీత కొట్టుడు ఎవలు నేర్పిన్రు అని అడిగింది సార్. మా మేడం అన్న. ఏ కాలేజీ అంటే చెప్పిన. మీ మేడం నంబరియ్యి, మాట్లాడుత అన్నది." సైదమ్మ చేతిలోని కాగితం మడిచింది. "లేరని చెప్పిన సార్."

నేను తల ఊపాను. ముగ్గురం ఆ గేటు ఎదుటే నిలబడ్డాం. అక్కడినుంచి వెంటనే కదలాలని ఎవరికీ అనిపించలేదు.

మహబూబ్‌నగర్

మూడో రోజు దవాఖానలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మహబూబ్‌నగర్ పోయాం. రక్తం చూశారు. రంగులు గుర్తుపడుతుందో లేదో కూడా చూశారు. చుక్కల పుస్తకంలో దాగి ఉన్న అంకెలన్నీ సైదమ్మ గడగడా చదివింది. వెనకనుంచి తొంగి చూసిన నాకు ఒకటి కనిపించలేదు. "సార్, మీకు నౌకరి రాదు," అంది. వసుంధర పోయాక ఎవరైనా నన్ను ఆటపట్టించడం అదే మొదలు. నాకు బాగనిపించింది.

మొదటి ఏడాది జీతం పెద్దదేమీ కాదు. హాస్టల్ కిరాయి, తిండి పోగా కొంచెం మిగులుతుంది. మూడు నెలల శిక్షణ తరువాత షిఫ్టులు. అనసూయమ్మకు ఫోన్ చేస్తే, కిటికీ పక్క మంచం ఖాళీ అవుతోంది, ఉంచుతానంది. లింగయ్య ఫోన్ తీసుకుని ఆ గీత అట్లాగే ఉంచమని చెప్పాడు.

కల్వకుర్తి, దేవరకొండ మీదుగా పోయే బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాం. మిర్చి బజ్జీలు తిన్నాం. సైదమ్మ నా పెన్ను అడిగి తీసుకుంది. చేరవలసిన తేదీ, టైము ఎడమ అరచేతిలో రాసుకుంది.

"ఆర్డరు కాగితం ఉంది కదా," అన్నాను.

"ఉన్నది సార్. గిది ఫైల్ల పెట్టేది గాదు."

లింగయ్య ఆ చేయి పట్టుకుని చూశాడు. ఆయనకు చదువు రాదు. అంకెలు మాత్రం గుర్తుపడతాడు. కాసేపు చూసి తన చేయి చాపాడు.

"నాకు గూడ రాయి. ఇంటికి పోంగనే మీ అమ్మకు చూపిస్త."

"బజ్జీ నూనె ఉన్నది బాపూ. గా చెయ్యి గాదు, ఎడమది తే."

ఆయన అరచేయి కర్ర పట్టి పట్టి మొద్దుబారి ఉంది. పెన్ను సరిగ్గా పడలేదు. సైదమ్మ ఒత్తి ఒత్తి రెండుసార్లు రాసింది. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు లింగయ్య కుడిచేత్తో కడ్డీ పట్టుకున్నాడు. దేవరకొండ దాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. చేతులు మారకుండా, ఆ ఒక్క కుడిచేత్తోనే వేలాడుతూ నిలబడ్డాడు. ఎడమ చేయి, తడి తగలకుండా, ఛాతీ మీద గొంగడి లోపల పెట్టుకున్నాడు.